హమదా షోజి (1894–1978)

ఇరవయ్యో శతాబ్దపు జపాన్ కుమ్మరి. మింగేయి అనే ప్రజాకళల ఉద్యమాన్ని నిలబెట్టిన నలుగురైదుగురిలో ఒకడు. టోక్యోకు ఉత్తరాన సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, తొచిగి ప్రాంతంలో ఉన్న మాషికో అనే కుండల ఊరు లోకానికి తెలిసింది ప్రధానంగా ఇతడి వల్లనే. హమదాను జానపద కుమ్మరి అనడం పరిపాటి. ఆ మాటను యథాతథంగా తీసుకుంటే మాత్రం అతడి జీవితం అర్థం కాదు. అతడు కుమ్మరి ఇంట పుట్టలేదు, తండ్రి పక్కన కూర్చుని సారె తిప్పడం నేర్చుకోలేదు. కాలేజీలో చదివి, ప్రయోగశాలలో వేల గాజుపూతలు కలిపి, ఇంగ్లండు వెళ్లి వచ్చి, ఆ తరువాత కోరి ఒక పల్లె మట్టికి, ఆ పల్లెలో దొరికే నాలుగైదు పూతలకు కట్టుబడ్డాడు. జానపదం అతడికి పుట్టుకతో రాలేదు, ఎంచుకున్న క్రమశిక్షణగా వచ్చింది. అతడి పనిని తూచవలసింది కూడా ఈ కొలతతోనే.

హమదా 1894 డిసెంబరు 9న కవాసాకిలో పుట్టాడు. 1913లో టోక్యో ఉన్నత సాంకేతిక పాఠశాలలో కుండల శాఖలో చేరాడు. అక్కడి గురువు ఇతయా హజాన్ నున్నని పింగాణీకి పేరు పడ్డ కళాకారుడు. హజాన్ ఇంట్లోనే హమదా మాషికోలో తయారైన మోటు టీ కూజాను చూశాడు. కొండ, నీళ్లు, గుడిసె గబగబా గీసిన ఆ కూజా అంగట్లో అతి చవకగా దొరికే సరుకు. రెండేళ్ల పై తరగతిలో ఉన్న కవాయి కన్‌జిరో అతడికి స్నేహితుడయ్యాడు. 1916లో చదువు ముగిశాక హమదా కవాయి పనిచేస్తున్న క్యోటో నగర పింగాణీ పరిశోధనాలయంలోనే చేరాడు. పూతల రసాయనం ఇద్దరికీ కరతలామలకం అయింది అక్కడే.

1918లో టోక్యోలో జరిగిన ప్రదర్శనలో బెర్నార్డ్ లీచ్ అనే ఆంగ్లేయ కుమ్మరి పరిచయం కావడం హమదా దారిని మార్చింది. 1920లో ఇద్దరూ కలిసి ఓడెక్కి, ఇంగ్లండు నైరుతి కొసన కార్న్‌వాల్ తీరంలోని సెయింట్ ఐవ్స్ చేరారు. అక్కడ కొండవాలు మీద గదులు గదులుగా పైకి పాకే ఆవం కట్టారు. జపనీయులు నొబొరిగామా అనే ఆ తరహా ఆవం పాశ్చాత్య దేశాల్లో అదే మొదటిది. దానికి తగిన మట్టి దగ్గరలో లేదు, కట్టెలు కరువు. మొదటి ఆవం సరిగా కాలలేదు. జపాన్ నుంచి వచ్చిన మత్సుబయాషి త్సురునోసుకే దాన్ని మళ్లీ కట్టాడు. ఈ ఇబ్బందులన్నీ హమదాకు గొప్ప పాఠమయ్యాయి. మట్టి ఎక్కడ తవ్వాలి, ఏ చెట్టు బూడిద పూతకు పనికొస్తుంది, చుట్టుపక్కల ఏ రాయి దంచవచ్చు అనే ప్రశ్నలకు అతడు స్వయంగా జవాబులు వెతుక్కోవలసి వచ్చింది. పొలాల్లో బయటపడ్డ పాత ఆంగ్ల కుండ పెంకులను, ఎర్రమట్టి మీద చిక్కని మట్టిపూతతో గీతలు గీసిన పెద్ద పళ్లాలను లీచ్‌తో కలిసి పరిశీలించాడు. 1921లో డిచ్‌లింగ్ గ్రామం చూశాడు. నేతగత్తె ఎథెల్ మైరెట్, శిల్పి ఎరిక్ గిల్ నగరం వదిలి అక్కడ పని చేసుకుంటూ బతకడం అతడి మనసులో నాటుకుంది. 1923లో లండన్‌లో సొంత ప్రదర్శన పెట్టాడు. ఆ సెప్టెంబరులో కాంతో భూకంపం టోక్యోను నేలమట్టం చేసింది. 1924లో అతడు స్వదేశం చేరాడు.

తిరిగి వచ్చిన ఏడాదిలోనే పెళ్లి చేసుకుని, ఓకినావాలోని త్సుబోయా కుమ్మరుల మధ్య కొన్ని నెలలు గడిపాడు. అక్కడి చెరకు తోటల నుంచి పుట్టిన గడ నమూనా, మూడు నాలుగు కుంచె గీతల్లో ముగిసేది, జీవితాంతం అతడి కుండల మీద కనిపిస్తుంది. మింగేయి అనే మాట 1925లో ఆ ఉద్యమ సిద్ధాంతకర్త యనాగి సోయెత్సు, కవాయి, హమదా కలిసి చేసిన ప్రయాణంలో పుట్టింది. 1930లో అతడు పాత రైతు ఇంటిని మాషికోకు తరలించి స్థిరపడ్డాడు. మరుసటి ఏడాది సొంత ఆవం లేచింది. ఇక ఆ ఊళ్లో దొరికేదే అతడి సరుకు: ఇసుక కలిసిన ముతక మట్టి, ఇనుము నిండిన స్థానిక రాతి పొడితో ముదురు పెర్సిమన్ పండు రంగు తేలే, జపనీయులు ‘కాకి’ అనే పూత, వరి ఊక బూడిదతో పాలలాంటి నుకా పూత, రాగి కలిపిన ఆకుపచ్చ. క్యోటోలో వేల పూతలు తెలుసుకున్నవాడు గరిటెడు పూతను పెద్ద పళ్లెం మీదుగా ఒక్క ఊపున ఒలకబోసి వదిలేశాడు. పదిహేను సెకన్లలో ముగిసే ఆ పని వెనుక అరవై ఏళ్ల సాధన ఉందని అతడే చెప్పుకొన్నాడు. ఆ ఒలికిన గీతలో తొణుకు లేదు, ప్రదర్శన లేదు.

హమదా ఎంచుకున్న ఈ దారికి రెండు అభ్యంతరాలున్నాయి. మొదటిది మాషికో ప్రాచీనతను గురించినది. ఒత్సుకా కేయిజబురో అక్కడ మొదటి ఆవం పెట్టింది 1853లో మాత్రమే. నీళ్ల బానలు, వంట పాత్రలు టోక్యో అంగళ్లకు పంపడమే ఊరి వ్యాపారం. ఎనభై ఏళ్లయినా నిండని ఆ పనిని సంప్రదాయం అనవచ్చా? అనవచ్చు. హమదా వెతికింది వయసును కాదు. మట్టి, బూడిద, కొనేవాళ్ల వంటిల్లు ఒకదానికొకటి అతుక్కుని ఉండటం అతడికి కావలసింది, అది మాషికోలో ఉంది. రెండో అభ్యంతరం బలమైనది. పేరు లేని పనివాడు చవకగా, విరివిగా చేసిన వస్తువే అందమైనదని యనాగి సిద్ధాంతం. ఆ సిద్ధాంతానికి నిలువెత్తు ఉదాహరణ టీ కూజాల మీద రోజుకు వందల కొద్దీ బొమ్మలు వేసిన మాషికో చిత్రకారిణి మినగావా మసు. హమదా కుండలు ప్రదర్శనశాలల్లో ఎక్కువ ధరకు అమ్ముడయ్యాయి. ఇంగ్లండు నుంచి వచ్చాక అతడు కుండ మీద ముద్ర వేయడం మానేసినా, కుండను పెట్టే చెక్కపెట్టె మీద సంతకం చేశాడు. ఈ వైరుధ్యం నిజం, దాన్ని కప్పిపుచ్చనవసరం లేదు. కానీ పేరున్న మనిషి పేరు లేనివాడిగా నటించడం కన్నా, పేరును పెట్టె మీద ఉంచి కుండను ఊరి కుండల్లో కలపడం నిజాయితీ గల మార్గం. పైగా లోహపు గిన్నెలు వచ్చి బానల గిరాకీ పడిపోతున్న కాలంలో మాషికో కుమ్మరులకు పూలపాత్రలు, పళ్లాలు, భోజనపు గిన్నెల దారి చూపింది ఆ పేరే. 1966 నుంచి ఏటా వసంతంలో, శరత్తులో అక్కడ కుండల సంత జరుగుతోంది.

1936లో టోక్యోలో జపాన్ మింగేయి సంగ్రహాలయం వెలిసింది. 1961లో యనాగి మరణించాక హమదా దాని సంచాలకుడయ్యాడు. రెండో ప్రపంచ యుద్ధకాలమంతా మాషికోలోనే పని సాగించాడు. 1952లో ఇంగ్లండులోని డార్టింగ్టన్‌లో జరిగిన చేతివృత్తుల సదస్సుకు వెళ్లి, తరువాత లీచ్, యనాగిలతో అమెరికా అంతటా తిరిగి సారె మీద పని చూపించాడు. 1955లో సజీవ జాతీయ సంపదగా తొలి జాబితాలోనే గుర్తింపు పొందాడు, 1968లో సంస్కృతి పతకం అందుకున్నాడు. ఇలాంటి గౌరవాలను కవాయి తిరస్కరించాడు. ఢిల్లీలో స్టూడియో కుండల పనికి ఆద్యుడైన సర్దార్ గురుచరణ్ సింగ్‌కు యువకుడిగా జపాన్‌లో చదివినప్పుడు హమదా, లీచ్‌ల బృందంతో పరిచయం కలిగింది. హమదా శిష్యుల్లో షిమాఒకా తత్సుజో 1996లో సజీవ జాతీయ సంపద అయ్యాడు. కొడుకు షిన్‌సాకు, మనుమడు తొమొఒ మాషికోలోనే ఈ పని కొనసాగించారు. తాను దేశదేశాల నుంచి తెచ్చుకున్న వస్తువులను ఊరి కుమ్మరులు చూసి నేర్చుకోవాలని హమదా 1977లో సొంత ఇళ్లనే సంగ్రహాలయంగా తెరిచాడు. 1978 జనవరి 5న మాషికోలో మరణించాడు. 2011 భూకంపంలో ఆ ఇళ్లూ ఆవమూ దెబ్బతిన్నాయి. ఆవాన్ని బాగుచేసి 2015లో స్థానిక కుమ్మరులు తమ కుండలు పేర్చి మళ్లీ కాల్చారు.