ప్రతినాయకుని మరణము – కాలాకాలములు



హైదరాబాదు పాతబస్తీకి దక్షిణమున, చాంద్రాయణగుట్ట దాపున, బార్కసు అను పేట యొకటి గలదు. నిజాము ప్రభువుల కొలువున నుండిన అరబ్బు సిపాయిలకు అచ్చట బ్యారక్సులు కట్టించిరి. ఆ మాటయే జనుల నోట నలిగి బార్కసు అయినది. ఆ సిపాయిలలో పెక్కుమంది యెమెను దేశపు హద్రమౌత్ సీమనుండి వచ్చినవారు. 1948లో హైదరాబాదు సంస్థానము భారతదేశమున గలిసిన పిమ్మట సిపాయి కొలువులు పోయినవి. కాని వారి సంతతివారు ఆ పేటను విడువలేదు. నేటికిని అచ్చట అరబ్బు వంటకములు, జామపండ్లు, చాయ్ దుకాణములు, తీరికగల వృద్ధులు కొల్లలుగా కానవత్తురు.

బడి పని చాలించిన తరువాత సాయంకాలములందు అట్టి చాయ్ దుకాణమొకదానిలో కూర్చుండుట నాకు వాడుక. ఒకనాడు దుకాణపు గోడమీది టెలివిజనులో ‘బాహుబలి’ మొదటి భాగము నడచుచుండెను. కాలకేయుల నాయకుడు నేలగూలెను. నా ప్రక్కనున్న వృద్ధుడైన సాహెబుగారి మనుమడు, ఎనిమిదవ తరగతి చదువు బాలుడు, “దాదా! ఇంత భయంకరుని మొదటి భాగములోనే యేల చంపిరి? రెండవ భాగమునకు దాచియుంచిన బాగుండెడిది గదా!” అనెను. తాతగారు నావంక తిరిగి, “మాస్టరుసాబ్! పిల్లవాని మాట నిజమే. మా దాస్తానులలో ఇట్టి తొందరపాటు లేదు. జవాబు మీరే చెప్పవలె” నని నవ్వెను.

ఆ నవ్వునకు అప్పటికప్పుడు నేనిచ్చిన జవాబు నాకే తృప్తి కలిగింపలేదు. ఇంటికి వచ్చి ఆలోచించితిని. ఆ యాలోచనయే నేటి నా ప్రసంగము.

మన తెలుగు మాటల చిత్రముల చరిత్ర యొక దుష్టుని కథతోనే మొదలైనది. 1932లో హెచ్. ఎం. రెడ్డిగారి దర్శకత్వమున వెలువడిన ‘భక్త ప్రహ్లాద’ మన తొలి టాకీ. హిరణ్యకశిపుడు లేనిచో ప్రహ్లాదుని భక్తికి పరీక్షయే లేదు. కంబము పగిలి నరసింహుడు వెలువడి వానిని చీల్చుటతో కథ ముగియును. దుష్టుడు చచ్చిన వెంటనే మంగళము పాడుట అను నీ పద్ధతి నాటకశాలనుండి వచ్చినది. ఒక్క రాత్రిలో ముగియు ప్రదర్శనమునకు ఇది తగియే యున్నది. కాని కథ భాగములుగా సాగినపుడు చిక్కు వచ్చును. దుష్టుని నడుమనే చంపినచో మిగిలిన కథ దేనిమీద నిలుచును?

ఈ చిక్కు క్రొత్తది కాదు. 1951లో విజయావారు తీసిన ‘పాతాళభైరవి’ని పెద్దలు మరచియుండరు. దర్శకుడు కె. వి. రెడ్డిగారు, రచన పింగళి నాగేంద్రరావుగారిది. సకల లక్షణములుగల యువకుని దేవికి బలియిచ్చి సిద్ధి పొందవలెనని నేపాళ మాంత్రికుడు తోటరాముని వెంటబెట్టుకొనిపోవును. రాముడు గుట్టు తెలిసికొని మాంత్రికునే బలి యిచ్చును. దేవి ప్రతిమ రాముని చేజిక్కును. ఇంక కథ ముగియవలసినదే. కాని ముగియలేదు. శిష్యుడైన సదాజపుడు మూలికతో గురువును మరల బ్రతికించెను. లేచి వచ్చిన మాంత్రికుడు ప్రతిమను అపహరింపజేసి రాజకుమారిని ఎత్తుకొనిపోయెను. ఇట్లు కథలోని రెండవ సగము పుట్టినది.

ఇది గమనింపదగిన విషయము. మాంత్రికుడు చచ్చిన తరువాత వాని స్థానమున నిలువగల మరియొక దుష్టుడు ఆ కథలో లేడు. రాజుగారి బావమరిది పిరికివాడు, నవ్వింపవచ్చినవాడు. కనుక రచయితకు చచ్చినవానిని లేపుట తప్ప గత్యంతరము లేదు. దీనినిబట్టి మొదటి సూత్రము తేలుచున్నది. వారసుడు లేని దుష్టుని ముందుగా చంపరాదు. చంపితిమేని మూలిక వెదకికొనవలసి వచ్చును.

మరి వారసుడున్నచో? అందులకు మన పురాణములే సాక్ష్యము. భాగవత దశమ స్కంధమున కంసుడు కథ నడుమనే కృష్ణుని చేత హతుడగును. కాని వాని భార్యలైన అస్తి, ప్రాప్తి తమ తండ్రియగు జరాసంధుని కడకు పోయి మొరపెట్టుకొందురు. ఆతడు పదునేడు మారులు మధురమీద దండెత్తును. ఆ బాధ పడలేకయే యాదవులు సముద్రమధ్యమున ద్వారకను కట్టుకొనిరి. కంసుని చావు కథకు ముగింపు కాలేదు, ద్వారకకు శంకుస్థాపనమైనది.

ఇంక కీచకుని సంగతి. తిక్కనసోమయాజి భారతాంధ్రీకరణమును విరాటపర్వముతోనే ఆరంభించెను. ఆ పర్వపు కథను 1963లో కమలాకర కామేశ్వరరావుగారు ‘నర్తనశాల’గా తెరకెక్కించిరి. కీచకపాత్రను ధరించిన ఎస్. వి. రంగారావుగారికి 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో–ఆసియా చలనచిత్రోత్సవమున ఉత్తమ నటుడన్న బహుమానము లభించెను. నేపాళ మాంత్రికుడును ఆయనయే. ఆ చిత్రము చూచి వచ్చినవారిలో, “కీచకుడు పోయిన తరువాత తెర వెలవెలబోయిన” దన్నవారిని నేనెరుగుదును. వారు కీచకునికై విచారింపలేదు, రంగారావుగారికై విచారించిరి. ఈ రెంటికిని గల భేదమును మనము మనస్సున నుంచుకొనవలెను.

కథను విచారింతము. పాండవులకు అజ్ఞాతవాసము ఒక్క యేడు. ఆ గడువులో గుర్తుపట్టబడిరా, మరల పండ్రెండేండ్లు అడవిపాలు. కొలువుకూటమున అందరు చూచుచుండగా కీచకుడు ద్రౌపదిని తన్నెను. భీముడు అప్పుడే వానిని చంపబోయెను. ధర్మరాజు కనుసన్నచేసి వారించెను. అనగా, దుష్టుని ఇప్పుడు చంపుట తొందరయా కాదా అన్న ప్రశ్న సినిమాలు చూచువారు పుట్టించినది కాదు. విరాటుని సభలోనే పుట్టినది! ధర్మరాజు లెక్కలో అది తొందర. ద్రౌపది లెక్కలో అప్పటికే ఆలస్యము. ఆ రాత్రి ఆమె వంటశాలకు పోయి భీముని నిద్రలేపి అడిగినది ఈ ఆలస్యమును గూర్చియే.

భీముడు ఇరువురి మాటయు నిలిపెను. పగలు కాక రాత్రి, సభ కాక నర్తనశాల, ఆయుధము కాక ఉత్త చేతులు. చంపినవారు గంధర్వులని లోకమునకు చెప్పుట. అయినను ఫలము తప్పలేదు. కీచకునివంటి బలశాలి చచ్చెనన్న వార్త హస్తినకు చేరెను. విరాటుడు బలహీనుడయ్యెనని సుశర్మ గోవులను పట్టుటకు ఆలోచన చెప్పెను. చంపగలవాడు భీముడే యని దుర్యోధనుడు అనుమానించెను. ఉత్తర గోగ్రహణమునకు, బృహన్నల రథమెక్కుటకు, గాండీవము జమ్మిచెట్టు దిగుటకు మూలము కీచకుని చావే. వాడు ఒక దినము ఎక్కువ బ్రతికినచో ద్రౌపది మానము దక్కదు, కథయు కదలదు.

ఇప్పుడు బాలుని ప్రశ్నకు వత్తము. రాజమౌళిగారి ‘బాహుబలి’ మొదటి భాగము 2015 జూలై 10న, రెండవ భాగము 2017 ఏప్రిల్ 28న వెలువడినవి. కథ విజయేంద్రప్రసాదుగారిది. కాలకేయ నాయకుడు ఇంకోషి పాత్రను ప్రభాకరు అను నటుడు ధరించెను. ఆ జాతివారు మాటలాడుటకై మదన్ కార్కిగారు ‘కిలికి’ యను భాషనే కల్పించిరి. ఇంత శ్రమపడి నిలిపిన భయంకరుని ఒక్క యుద్ధములో ముగించుట దుబారాగా తోచుట సహజమే.

కాని వాడు చచ్చిన తీరు గమనింపుడు. కాలకేయుని తల తెచ్చినవానికే మాహిష్మతి సింహాసనమని శివగామి పందెము పెట్టెను. బాహుబలి వానిని లొంగదీసి చంపబోవు క్షణమున, భల్లాలదేవుడు నడుమ జొచ్చి కడపటి దెబ్బ తాను కొట్టెను. అనగా ఆ చావు దొంగిలింపబడినది. శివగామి ఆ దొంగతనమునకు మోసపోలేదు. కాలకేయులు చెరపట్టి తెచ్చిన జనులను తమ సేనకు అడ్డుగా నిలిపినపుడు, భల్లాలుడు వారిని త్రొక్కుకొనిపోయెను. బాహుబలి వారిని కాపాడి ముందుకు సాగెను. శత్రువును చంపినవాడు వీరుడు, ప్రజను కాచినవాడు రాజు అన్న విచక్షణతో ఆమె బాహుబలికి పట్టము నిర్ణయించెను. ఆ నిర్ణయమే భల్లాలుని గుండెలో నిప్పై, రెండవ భాగమంతయు కాల్చినది.

కనుక వెలుపలి శత్రువు పడిన దినముననే ఇంటి శత్రువు లేచినాడు. ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టలేడన్న సామెత మన పెద్దలు ఊరకయే చెప్పలేదు. కాలకేయుడు రెండవ భాగమునకు మిగిలియున్నచో, వాని పెడబొబ్బల నడుమ ఈ ఇంటిదొంగ అడుగుల చప్పుడు మనకు వినబడకపోవును. వారసుడు సిద్ధముగా నున్నాడు గనుక కాలకేయుని చావు అకాలము కాదని నా తీర్పు.

ఐనను న్యాయముగా ఒక మాట ఒప్పుకొనవలెను. భల్లాలుని కొడుకు భద్రుడు కూడ మొదటి భాగములోనే శిరచ్ఛేదము పొందును. వాని చావువలన కట్టప్ప ఎదుటివాని ముఖమును చూచి, అది బాహుబలి రూపమని గుర్తించుట తప్ప వేరు ఫలము అంతగా కానరాదు. వానిని మనము ఎరుగకముందే వాడు పోయెను. తొందరపాటు ఎచ్చటనైన నున్నచో అది కాలకేయుని యెడల కాదు, భద్రుని యెడల.

ఈ మాటలన్నియు మరునాడు సాహెబుగారికి విన్నవించితిని. ఆయన ఊరకుండలేదు. ఉర్దూలో ‘తిలిస్మె హోష్‌రుబా’ యను పెద్ద దాస్తాను గలదు. 1883 మొదలు లక్నోలో నవల్‌కిషోరు ముద్రాక్షరశాలవారు దానిని సంపుటములుగా అచ్చువేసిరి. అందు తానే దేవుడనని చెప్పుకొను లఖా యనువాడు అమీర్ హమ్జా చేతిలో ఓడి, పారిపోయి, ఒక్కొక్క రాజు నీడ చేరును. వానికై మాంత్రిక చక్రవర్తి అఫ్రాసియాబు సంపుటము వెంబడి సంపుటము పోరాడును. “చూచితిరా, మా దుష్టులు ఎంత దీర్ఘాయుష్మంతులో!” అని ఆయన వాదము. నేను, “మీ కథలో దుష్టుడు పారిపోయి క్రొత్త యింట చేరును, మా కథలో దుష్టుడు చచ్చి, వాని దుష్టత్వము క్రొత్త యింట చేరును” అంటిని. ఆయన కొంత తడవాలోచించి, “అట్లయిన మీవాడు చావలేదు మాస్టరుసాబ్! ఇల్లు మారినాడు” అనెను. నా గంట ప్రసంగమును ఆయన ఒక్క మాటలో చెప్పినాడు.

కాని బాలునికి చెప్పవలసినది వేరొకటి మిగిలియున్నది. “ముందుగా చంపిరి” అని యనునది ఎవరు? తెరముందు కూర్చున్న మనము. మనకు దుష్టుడొక వినోదము. వాడు ఎంతసేపున్న అంత సంతోషము. కాలకేయుల ముందు కట్టివేయబడి నిలిచిన జనులను అడిగినచో ఏమందురు? వానికి ఇంకొక గడియ ఆయువు పోయుదుమందురా? ఆ చిత్రములోనే దేవసేన ఇరువదియైదేండ్లు సంకెళ్లలో నుండి, పగవాని చితికై ఎండుపుల్లలు ఏరికొనుచుండెను. భల్లాలుడు కడపట ఆ చితిమీదనే కాలెను. చూచువారికి అది సకాలమున వచ్చిన ముగింపు. పుల్లలు ఏరిన దేవసేనకు అది ఇరువదియైదేండ్ల ఆలస్యము. ద్రౌపదికి ఒక్క పగలు ఆలస్యమైనను దుస్సహమైనది.

నేను ఈ మాట చెప్పగా బాలుడు కొంతసేపు పలుకలేదు. పిదప, “అయితే ఆమె ఏరిన పుల్లలు లెక్కపెట్టవలెనన్న మాట” అనెను. నలువదేండ్లు బడిలో ప్రశ్నలడిగినవాడను. ఇంతకంటె మంచి సమాధానమును విన్న జ్ఞాపకము లేదు.

గ్రామములందున్న పెద్దలారా! మీ మనుమలు ఇట్టి కథలను చూచి వచ్చి, ఫలానివానిని ఇంకను బ్రతుకనియ్యవలసినదని వాదించినపుడు కసరుకొనకుడు. రెండు ప్రశ్నలు వేయుడు. వాడు పోయిన పిమ్మట వాని పీట మీద ఎవడు కూర్చుండెను? వాడు ఉన్నన్నాళ్లు ఎవరు ఏడ్చిరి? మొదటి ప్రశ్నవలన కథలోని నేర్పు తెలియును. రెండవదానివలన కథలోని ధర్మము తెలియును. ఈ రెండును తెలిసిన పిల్లవాడు రేపు ఊరి వ్యవహారములలోను, ఒక దుర్మార్గుడు తొలగెనని చంకలు గుద్దుకొనక, ఖాళీ అయిన పీటవంక ఒక కన్ను వేసియుంచును.