పడిగె మీది చరిత్ర

చరిత్ర అంటే శాసనం, కోట, రాజు అని బడిలో చెప్తున్నాం. కాకతీయుల మాట ఓరుగల్లు రాళ్ల మీద ఉంది. వాళ్లతో పోరాడిన సమ్మక్క, సారలమ్మ, పగిడిద్దరాజు, జంపన్నల మాట ఎక్కడుంది? కోయ డోలీల పాటలో, వాళ్లు విప్పే పడిగె మీద ఉంది. మూడు మూలల ఆ పొడవాటి గుడ్డ మీది బొమ్మలు మన గట్ల పుట్టుక చెప్తాయి. మహబూబాబాద్ జిల్లా పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు పడిగె నేటికీ మేడారం నడిచి వెళ్తుంది.

ఇంగ్లండులోనూ పల్లె పాట పోతుందని కొందరు బెంగపడ్డారు. 1903లో సోమర్సెట్ పల్లెలో జాన్ ఇంగ్లండ్ అనే తోటమాలి పాడగా విని, సంగీత ఉపాధ్యాయుడు సెసిల్ షార్ప్ రాసుకున్నాడు. ఆపైన వేల పాటలు సేకరించి బడులకు చేర్చాడు.  అయితే మోటుగా ఉన్నాయని అచ్చులో కొన్ని మాటలు మార్చేశారు. పాడినవాళ్ల మాట అక్కడ కొంత పోయింది.

డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు. ఒక్కో పెద్దాయన పోతే ఒక్కో గట్టు కథ పోతుంది. యువకులారా, మీ చేతిలో ఫోన్ ఉంది. ముందు అడగండి, తర్వాత రికార్డు చేయండి. పాడినవారి పేరు, ఊరు, గట్టు రాయండి. కోయ మాటను కోయలోనే ఉంచండి. పడిగె ఎప్పుడు విప్పాలో మాత్రం డోలీలనే చెప్పనివ్వండి.