పురోహితుని సంభావన



మొన్న ఒక సాయంకాలము కోహెడలో మా యింటి అరుగుమీద కూర్చుండియుండగా, వేదపాఠశాలలో స్మార్తము ముగించి వచ్చిన యువకుడొకడు నమస్కరించి, “తాతగారూ! మాఘమాసమున ఒక వివాహము చేయించుటకు నన్ను పిలిచినారు. మంత్రము వచ్చును, ప్రయోగమును వచ్చును. ఎంత అడుగవలెనో మాత్రము మా గురువుగారు చెప్పలేదు” అని పలికెను. నేను వెంటనే ఉత్తరము చెప్పజాలనైతిని. ఇన్ని తరములుగా గురువులు ఈ యొక్క పాఠమును ఏల చెప్పలేదు? నేటి ప్రసంగమునకు ఆ ప్రశ్నయే మూలము.

పూర్వము చెప్పవలసిన అవసరమే లేకుండెను. ప్రభువులు అగ్రహారములను, మాన్యములను ఇచ్చియుండిరి. తెలంగాణమున బలువతు ఇనాములు, ఆయములు ఉండెను. కొన్నిచోట్ల పురోహితుడును ఆయగాండ్ర లెక్కలో చేరియుండెను. నా బాల్యమునకు ఇనాములు పోయినను ఆయము కొంత మిగిలియుండెను. కళ్లమున రాసి పోసినప్పుడు పురోహితుడు వచ్చి ఆశీర్వదించుటయు, రైతు మానికలతో కొలిచి ఆయన బట్టలో పోయుటయు నేను కన్నులార చూచినాను. అందులకు బదులుగా ఆయన ఉగాదినాడు పంచాంగము వినిపించును, ముహూర్తములు పెట్టును, శుభాశుభములు నడిపించును. దక్షిణ అనునది దానిపైని గౌరవము. కలవాడు రూపాయి పెట్టెను. లేనివాడు తాంబూలము పెట్టెను. ఇద్దరి పెండ్లియు సాగెను.

అయితే ఆ కాలమంతయు బంగారమని నేను చెప్పను. ఆ రాసిని పండించిన చేతులలో అనేకుల యింటికి ఆ మంత్రము పోలేదు. ధాన్యము అందరిది, వేదము కొందరిది అయియుండెను.

చదువు మాట. మన ప్రాంతమున వైదికులలో కృష్ణయజుశ్శాఖ, ఆపస్తంబ సూత్రము మిక్కిలి ప్రచారములో ఉన్నవి. శిష్యుడు గురువు ఇంట ఉండి సంత చెప్పుకొని, పిమ్మట దర్భలు, సమిధలు మోసికొని గురువు వెంట పెండ్లిండ్లకు తిరుగుచుండెను. కన్యాదాతతో ఎట్లు మాటాడవలెనో, లగ్నము దాటిపోవుచున్నప్పుడు దేనిని సంగ్రహింపవలెనో అక్కడనే చూచి నేర్చుకొనెను. 1854 లో చెన్నపట్టణమున స్థాపింపబడిన వావిళ్లవారి ముద్రాలయము వంటివి సంస్కృత గ్రంథములను తెలుగు లిపిలో అచ్చువేసిన తరువాత పుస్తకము సులభమయ్యెను. పుస్తకములో మంత్రము దొరకును గాని, గృహస్థుని ముఖము చూచి మాటాడు విద్య దొరకదు.

1955 లో తెలంగాణ ప్రాంతమునకును, 1956 లో ఆంధ్రప్రాంతమునకును ఇనాముల రద్దు చట్టములు వచ్చెను. దున్నువానికి భూమి అను దృష్టితో అది న్యాయమే. కాని పాత ఏర్పాటు పోయినచోట క్రొత్త ఏర్పాటు ఎవరును చేయలేదు. కళ్లములును క్రమముగా తగ్గిపోయెను. పురోహితుని జీవనమంతయు పళ్లెములోని దక్షిణమీద నిలిచెను. మా వంటివారము అనేకులము బడులకు, కచేరీలకు చేరితిమి.

నేను ఉపాధ్యాయుడనైనను సెలవుదినములలో పెండ్లిండ్లు చేయించుచుంటిని. ఎవరడిగినను “మీకు తోచినంత” అనుట నాకు అలవాటు. అది నిస్పృహ యనుకొంటిని. ఒకసారి పేదయింట పళ్లెములో కొంచెమే పెట్టిరి. నేను నోరు మెదపలేదు. నా ముఖము మాత్రము చిన్నబోయెను. ఇంటి యజమాని అది చూచి, పొరుగింటికిపోయి అప్పుతెచ్చి పళ్లెములో పెట్టెను. నేను పుచ్చుకొంటిని. ఆ యింటి బాలుడు నా తరగతిలోనే చదువుచుండెను. చాలదినములు నేను వాని కన్నులలోనికి చూడలేకపోతిని. తోచినంత యనుట ఔదార్యము కాదు, బరువును ఎదుటివాని నెత్తిన పెట్టుట యని అప్పుడు తెలిసికొంటిని.

ఈ వృత్తిని ఇతరులు వేరు మార్గములలో నడిపించిరి. హైదరాబాదునందు 1892 లో నెలకొన్న ఆర్యసమాజము, పౌరోహిత్యమునకు జన్మము కాదు విద్య ప్రమాణమని చెప్పెను. తెనాలిలో నివసించిన కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరిగారు (1887–1943) వివాహ విధిని తెలుగున రచించి, తామే పెండ్లిండ్లు జరిపించిరి. వారి సిద్ధాంతములన్నిటితో నేను ఏకీభవింపను. కాని వధూవరులకు తాము చేయుచున్న ప్రమాణము అర్థము కావలెనన్న మాట కాదనజాలను. సముద్రములు దాటి అమెరికాకు పోయిన మనవారి దేవాలయములలో పెక్కింట ఏ క్రతువునకు ఎంత యను పట్టిక ముందే ప్రకటించియుందురు. మనకది కటువుగా తోచును. అక్కడ పళ్లెము ముందు ఎవరి ముఖమును చిన్నబోదు.

ఇదంతయు తలపోసి ఆ యువకునితో ఇట్లంటిని: “నాయనా! లగ్నపత్రిక వ్రాయునాడే సంభావన చెప్పుము. పేదయింట తగ్గింపదలచినచో ఆనాడే తగ్గింపుము. తరువాత ముఖము మార్చకుము. సప్తపదిలో ఒక్కొక్క అడుగునకు అర్థము తెలుగున చెప్పుము. ముహూర్తము పెట్టుటకు ముందు వయస్సు విచారింపుము. పిల్లకు 18, పిల్లవానికి 21 ఏండ్లు నిండకున్నచో ఎంత ఇచ్చినను లెమ్ము. 2006 నాటి చట్టము ప్రకారము అట్టి పెండ్లి చేయించినవానికే రెండేండ్ల వరకు కఠిన కారాగారము, లక్ష రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. చట్టము లేకున్నను లేవవలసినదే.”

అతడు కొంతసేపు ఆలోచించి, “తాతగారూ! పేదయింట నేను తగ్గించితినని తెలిసినచో కలవారును అంతే ఇత్తురేమో! అప్పుడు నా సంసార మెట్లు?” అని అడిగెను.

దానికి నాయొద్ద ఉత్తరము లేదు. ఒకప్పుడు ఆ ప్రశ్నకు కళ్లము ఉత్తరము చెప్పెను. కలవాని రాసి లేనివాని పెండ్లిని మోసెను. నేడు కళ్లము లేదు, మీరున్నారు. ఈ మాఘమాసములోపల మీ మీ గ్రామములలో నలుగురు పెద్దలు కూర్చుండి ఆలోచింపుడు. ఆ యువకునికి నేను చెప్పలేని మాట మీరు చెప్పవలెను.

సెలవు.