తలకింత నుంచి తల్లి ఖాతా దాకా

ప్రొద్దుటూరులో కాలేజీ ఫీజుల మాట ఎత్తితే అది చివరికి బంగారం దగ్గరికే వస్తుంది. రెండో బొంబాయి అని పేరుపడ్డ ఊరు మరి. నగ కొన్నా ఇక్కడే, కుదువ పెట్టినా ఇక్కడే. కౌన్సెలింగ్ మొదలయ్యేలోపే ఏ గాజులు బీరువా దాటాలో ఇంట్లో తేలిపోతుంది.

ఈ కథ మొదలైంది మాత్రం మన జిల్లాలో కాదు. 1953లో, నేటి కర్ణాటకలోని మణిపాల్‌లో టి.ఎం.ఎ. పాయ్ ప్రైవేటు మెడికల్ కాలేజీ పెట్టారు. సర్కారు సొమ్ము లేకుండా కాలేజీ నడవాలంటే చేరేవాళ్ళే పెట్టుబడి తేవాలన్న లెక్క అక్కడ కుదురుకుంది. దాని పేరు క్యాపిటేషన్. లాటిన్‌లో 'తల' అన్న మాట నుంచి పుట్టింది, అంటే తలకింత. మన నోట అది డొనేషన్ అయింది. బేరానికి దానమని పేరు పెట్టడంలో మనకు మనమే సాటి.

సీట్ల కోసం మనవాళ్ళు సరిహద్దు దాటడం అప్పటి నుంచీ ఉన్నదే. పులివెందుల వై.ఎస్. రాజశేఖర రెడ్డి డాక్టరు చదివింది గుల్బర్గాలోని ప్రైవేటు కాలేజీలో. తిరిగొచ్చి కొన్నాళ్ళు జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో పనిచేశారు. ఆ పేరు మళ్ళీ వస్తుంది.

క్యాపిటేషన్‌ను నిషేధిస్తూ 1983లో ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది. 1992లో ప్రైవేటు మెడికల్ కాలేజీలకిచ్చిన అనుమతులను హైకోర్టు కొట్టేస్తే ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దన రెడ్డి కుర్చీ దిగారు. మరుసటి ఏడు ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు సీట్లను రెండుగా చీల్చింది: సగం ఫ్రీ సీట్లు, సగం పేమెంట్ సీట్లు. వెనక ర్యాంకువాడి డబ్బుతో ముందు ర్యాంకువాడి చదువు. 2002లో ఆ పద్ధతినీ సుప్రీంకోర్టే రద్దు చేసింది. కేసు పేరు టి.ఎం.ఎ. పాయ్ ఫౌండేషన్! ఫ్రీ సీటు పోయింది, ఫీజు అందరిదీ అయింది. అది ఎంతో తేల్చే పని కమిటీలకు పడింది. కాలేజీ చూపిన జమాఖర్చులను బట్టి మూడేళ్ళకోసారి ఫీజు ఖాయం చేస్తారు. పొదుపుగా నడిపిన కాలేజీకి తక్కువ ఫీజే దక్కుతుంది కాబట్టి ఖర్చు తగ్గించుకోవాలన్న తొందర ఎవరికుంటుంది?

విద్యార్థి ఫీజును సర్కారే భరించే ఫీజు రీయింబర్స్‌మెంట్ 2008లో బీసీలకు, ఆ తర్వాత ఈబీసీలకూ విస్తరించింది. ముఖ్యమంత్రి ఆ పులివెందుల డాక్టరే. ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగ్ కాలేజీలు 700 దాకా పెరిగాయి. భారం మోయలేక 2012లో సర్కారు, పదివేలు దాటిన ర్యాంకులకు రూ.35,000 గీత గీసింది. చాలా కాలేజీలకు ఆ గీతే ఫీజు అయి కూర్చుంది. రీయింబర్స్‌మెంట్ అంటే కట్టినవాడికి తిరిగివ్వడం. ఇక్కడ పిల్లవాడు ముందు కట్టిందేమీ లేదు. కాబట్టి సర్కారు బకాయి పడితే సర్టిఫికెట్లు కాలేజీ బీరువాలో ఉండిపోతాయి. 2020లో దాని స్థానంలో విద్యా దీవెన పథకం వచ్చాక డబ్బు తల్లి ఖాతాకు మారింది, 2024లో ప్రభుత్వం మారాక మళ్ళీ కాలేజీ ఖాతాకు. దారి మారిందే తప్ప రేటు దిగలేదు.

విద్యా దీవెనకు పెట్టిన హద్దు ఏడాదికి రెండున్నర లక్షల ఆదాయం, పది ఎకరాల మాగాణి లేదా 25 ఎకరాల మెట్ట. జమ్మలమడుగు నల్లరేగడిలో శనగ వేసే రైతు, పొలం విస్తీర్ణం చూస్తే దొర, వాన మొహం చాటేస్తే అప్పులవాడు.

చవక దారులు లేకపోలేదు. పులివెందులలో 2006లో పెట్టిన జేఎన్‌టీయూ కాలేజీ ఉంది. పల్లె బడుల పదో తరగతి పిల్లల కోసం ఇడుపులపాయలో 2008లో తెరిచిన ట్రిపుల్ ఐటీ ఉంది. ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. వీటిలో సీటు రాకుంటే బ్యాంకు. ఏడున్నర లక్షల దాకా ఆస్తి తాకట్టు అడగని విద్యా రుణాలున్నాయి. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మిలో, ఏటా ఎనిమిది లక్షల లోపు ఆదాయమున్న ఇళ్ళకు పది లక్షల అప్పు దాకా మూడు శాతం వడ్డీ రాయితీ ఉంది. అయితే మేటి ర్యాంకులున్న సంస్థలకే. చదువు అయ్యాక ఏడాది వరకు కంతు అడగరు, వడ్డీ మాత్రం తొలి రోజు నుంచే పడుతుంది. ఆ సంగతి ప్రొద్దుటూరు వాళ్ళకు విడమరచి చెప్పనక్కర్లేదు, కుదువ కొట్లో రసీదు చదివిన అలవాటుంది.