పాతపట్నం–పర్లాకిమిడి సీమలో తొలి క్రైస్తవ విశ్వాసం: పురుషోత్తమ చౌదరి జీవితం, రచనలు

1. ప్రస్తావన

పక్కపక్కనే ఉన్న పాతపట్నం, పర్లాకిమిడి పట్టణాలు నేడు రెండు రాష్ట్రాలకు చెందినవి. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడే వరకు ఈ సీమ అంతా మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. ఇక్కడి క్రైస్తవ చరిత్రను సాధారణంగా మిషను కేంద్రాలు స్థాపితమైన తేదీల వరుసలో రాస్తారు. ఆ వరుసలో తొలి విశ్వాసులు ఏమి కోల్పోయారు, ఆ అనుభవాన్ని ఏ సాహిత్యరూపంలో నిలిపారు అనే ప్రశ్నలు మరుగున పడ్డాయి. పర్లాకిమిడి ప్రాంతానికి చెందిన పురుషోత్తమ చౌదరి (1803–1890) జీవితం ఈ ప్రశ్నలకు కొంత సమాధానమిస్తుంది.

2. సంఘం కంటే ముందు గ్రంథం

లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం చేరారు. బ్రాహ్మణ కుటుంబం నుంచి క్రైస్తవాన్ని స్వీకరించిన ఆనందరాయర్ అనువాదంలో వారికి తోడ్పడ్డారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. ప్రిచెట్ అనువదించిన కొత్త నిబంధన 1818లో వెలువడింది. ఉత్తరాంధ్రలోని అనేక గ్రామాలకు సంఘం కంటే ముందు ఇటువంటి అచ్చు ప్రతులూ కరపత్రాలూ చేరాయి. పురుషోత్తమ చౌదరి కూడా చదువు ద్వారానే ఈ మార్గంలోకి వచ్చారు. శ్రీకాకుళంలో హెలెన్ నాట్ అనే మహిళ ఆయనకు మార్గదర్శనం చేశారు. 1833లో ఆయన బాప్తిస్మం పొందారు.

3. శ్రమ స్వరూపం

ఆ కాలం సామాన్యమైనది కాదు. తీరాంధ్రను నందన క్షామం పీడిస్తున్నది. పర్లాకిమిడి జమీందారీలో తిరుగుబాట్లను అణచడానికి కంపెనీ ప్రభుత్వం జార్జి రస్సెల్‌ను ప్రత్యేక కమిషనరుగా నియమించింది. అయితే మతం మారినవారికి అసలు పరీక్ష ఇంటిలోనే ఎదురైంది. కులభ్రష్టత్వం అంటే బంధుత్వం, సహపంక్తి భోజనం తెగిపోవడమే కాక, వారసత్వ హక్కుకూ ముప్పు కలగడం. మతం మారినంత మాత్రాన ఆస్తిహక్కు పోదని నిర్ధారించిన చట్టం 1850లో గాని రాలేదు. 1833 నాటి విశ్వాసికి మద్రాసు రాజధానిలో అటువంటి రక్షణ లేదు.

ఈ స్థితి ఆదిమ సంఘ చరిత్రను గుర్తుచేస్తుంది. పేతురు మొదటి పత్రిక చిన్న ఆసియా ప్రాంతాలలో చెదరి ఉన్న విశ్వాసులను ఉద్దేశించినది. అందులో ప్రధానంగా కనిపించే శ్రమ రాజాజ్ఞ వల్ల కలిగిన మరణం కాదు. పాత జీవితాన్ని విడిచినందుకు ఇరుగుపొరుగు చేసే దూషణ, వెలివేత. గంజాం విశ్వాసి ఆ పత్రికలో తన ఊరినే చూసుకోగలిగాడు.

4. కీర్తన సాక్ష్యం

పురుషోత్తమ చౌదరి నూటికి పైగా కీర్తనలను రాగతాళ నిబద్ధంగా రచించారు. వీటిలోని దైన్యాన్ని, శరణాగతిని నేరుగా ఆత్మకథగా గ్రహించడం సరికాదు. అవి తెలుగు భక్తి సంప్రదాయంలో స్థిరపడిన భావాలు. అయినా రూపాన్ని ఎంచుకోవడంలోనే చారిత్రక సాక్ష్యం ఉంది. ‘కులాచార పరీక్ష’లో కులవ్యవస్థను ప్రశ్నించిన కవే ‘యేసునాయక శతకము’ రచించారు. అంటే ఆయన కులాన్ని తిరస్కరించారు గాని, తనను పెంచిన భాషా సంస్కారాన్ని, శతక ప్రక్రియను, సంగీతాన్ని వదలుకోలేదు. చదువురాని విశ్వాసికి ఆ కీర్తనే లేఖన వ్యాఖ్యానమైంది. ప్రతి పొందలేనివారు పాటను కంఠస్థం చేశారు.

5. ముగింపు

మతమార్పిడిని సంస్కృతీ విచ్ఛేదంగా మాత్రమే చూసే వాదానికి, దానిని మిషనరీల విజయంగా మాత్రమే లెక్కించే వాదానికి ఈ రచనలు లొంగవు. వెలి అయిన వ్యక్తి తన సమాజపు భాషలోనే ఆ సమాజానికి సమాధానమిచ్చారు. ఆయన కీర్తనలు నేటికీ శాఖాభేదం లేకుండా తెలుగు సంఘాలలో వినిపిస్తున్నాయి. కాబట్టి ఉత్తరాంధ్ర క్రైస్తవ చరిత్ర రచనలో మిషను నివేదికలతో సమానంగా కీర్తన సంపుటాలను కూడా ఆధారాలుగా పరిశీలించడం అవసరం.