జీర్ణరథోద్ధారణము



క్రొత్త గుడి కట్టించుటకన్న పాడువడిన గుడిని నిలువబెట్టుట మిన్నయని మన పెద్దలు చెప్పుచు వచ్చిరి. దీనికే జీర్ణోద్ధారణమని పేరు. గండిపడిన చెరువుకట్టకును, పూడిపోయిన నూతికిని, ఇరుసు విరిగిన రథమునకును గూడ ఈ ధర్మము వర్తించును. నేడు నేను చెప్పబోవు రథము స్వీడను దేశమున పుట్టిన ఒక మోటారుకారు. దాని పేరు సాబ్. దానిని చేసిన కంపెనీ నేడు లేదు. కారు మాత్రము నలువదియేండ్లు దాటియు ఇప్పటికిని అక్కడక్కడ నడచుచునే యున్నది. చేసినవాడు పోయిన పిమ్మట వస్తువు నెవరు బ్రతికింతురు, ఎట్లు బ్రతికింతురు అనునదే నేటి విషయము.

ముందుగా దాని ఇంజను విశేషము తెలియవలెను. కమ్మరి కొలిమిలో బొగ్గు తనంత తాను మండినచో ఇనుము ఎర్రబడదు. తిత్తి యూదినగాని తగిన వేడి పుట్టదు. మోటారు ఇంజను గూడ ఒక విధమగు కొలిమియే. దాని సిలిండరులలో పెట్రోలును గాలియు గలిసి మండును. ఆ మంట త్రోపునకే చక్రములు తిరుగును. గాలి నెక్కువగా చొప్పించినచో పెట్రోలు నెక్కువగా మండింపవచ్చును. అంత బలమును పెరుగును. ఆ గాలి నూదు తిత్తియే టర్బోఛార్జరు. దీని నాడించుటకు వేరొక మనిషి యక్కరలేదు. ఇంజను విడుచు పొగయే ఒక చిన్న చక్రమును త్రిప్పును. అదే ఇరుసు రెండవ కొననున్న మరియొక చక్రము బయటి గాలిని లోనికి నెట్టును. వృథాగా పోవు ఊపిరిచేత పని చేయించుకొనుట యని తాత్పర్యము.

ఈ యుపాయమునకు 1905 వ సంవత్సరమున పేటెంటు పొందినవాడు స్విట్జర్లాండు దేశీయుడగు ఆల్ఫ్రెడ్ బ్యూకి అను ఇంజనీరు. ఆతని యూహ డీజిలు ఇంజనులయందు చక్కగా ఫలించుటకు ఇరువదియేండ్లు పట్టినది. ఈలోగా 1918 లో అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ అను నాతడు ఒక విమానపు ఇంజనును పైక్స్ పీక్ అను పర్వతముపైకి, సుమారు 14 వేల అడుగుల యెత్తునకు గొనిపోయి, గాలి పలుచనైన చోట గూడ ఈ తిత్తి సాయమున ఇంజను బలము తగ్గకుండునని చూపెను. పిదప ఓడలకును, విమానములకును, లారీలకును ఇది యలవడినది. నేడు మన యూళ్ల మీదుగా పోవు లారీలలో పెక్కింటికి ఈ తిత్తి గలదు.

పెట్రోలు కారున దీనిని నిలుపుట మాత్రము సులభము కాలేదు. గాలి నదిమి పెట్టినకొలది సిలిండరులో వేడి పెరిగి, పెట్రోలు కాలముగాని కాలమున ప్రేలి, సుత్తితో కొట్టినట్లు టకటక శబ్దము పుట్టును. అట్లే సాగనిచ్చినచో పిస్టనులు చెడును. 1962 లో అమెరికాలో ఓల్డ్స్‌మొబీల్ కంపెనీవారు జెట్‌ఫైర్ అను టర్బో కారు నమ్మిరి. ఈ ప్రేలుడు నాపుటకై ఆవిరిపట్టి చల్లార్చిన నీరును, మెథనాలు అను ద్రవమును గలిపి, ఒక చిన్న తొట్టినుండి ఇంజనులోనికి చల్లు ఏర్పాటు చేసిరి. ఏర్పాటు మంచిదే. కాని ఆ తొట్టిని మరల మరల నింపవలెనను సంగతి కొన్నవారిలో పెక్కుమందికి పట్టలేదు. తొట్టి యెండినచో తిత్తి బలము నణచివేయు కవాట మొకటి యుండెను గనుక, కొన్న బలమే వారికి దక్కలేదు. తుదకు 1965 లో కంపెనీవారు, కోరిన వారికి ఆ తిత్తిని తీసివేసి సామాన్యపు కార్బురేటరును అమర్చి యిచ్చిరి. పోషణ తెలియనివారి చేతిలో గొప్ప యంత్రమైనను గొడ్డుబోవునని దీనివలన తెలియుచున్నది.

ఇక స్వీడను కథ. 1937 లో విమానములు చేయుటకై ఏర్పడిన సాబ్ సంస్థ, 1949 డిసెంబరులో ట్రోల్‌హెట్టన్ పట్టణమున కార్ల నిర్మాణమున కారంభించినది. 1977 లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనమున సాబ్ 99 టర్బో అను కారును లోకమునకు చూపిరి. రెండు లీటర్ల చిన్న ఇంజనుతో 145 అశ్వశక్తుల బలము! దీని వెనుక నున్న ముఖ్యపురుషుడు పెర్ యిల్‌బ్రాండ్ అను ఇంజనీరు. పెద్ద తిత్తిని పెట్టినచో అది మెల్లగా మేల్కొనునని యెరిగి, ఆయన చిన్న తిత్తిని పెట్టి, మితిమీరిన పొగ ప్రక్కదారిని పోవునట్లు కవాట మమర్చెను. 1982 నుండి టకటక శబ్దమును తానే పసిగట్టి తిత్తి నదుపుచేయు ఉపకరణమును చేర్చిరి. జెట్‌ఫైరున యజమాని జ్ఞాపకముపై మోపిన భారమును ఇచ్చట యంత్రమే వహించినది. 1978 లో వచ్చిన సాబ్ 900 కారు 1990 తరువాతి తొలి యేండ్లదాక తయారైనది.

ఆ కంపెనీ 2011 డిసెంబరు 19 న దివాలా తీసినది. విడిభాగముల సంస్థ ఆ దివాలాలో చేరక మిగిలి, తరువాత ఒరియో అను పేరున విడిభాగముల సరఫరాను సాగించినది. మరుసటి యేట, ప్రదర్శనశాలలోని పాతకార్లు చెల్లాచెదరు గాకుండ ట్రోల్‌హెట్టన్ పురపాలకులు మరికొందరితో గూడి కొని నిలువబెట్టిరి. మిగిలిన భారము యజమానులమీదను, చిన్న చిన్న పనివారిమీదను పడినది.

వారి మొదటి శత్రువు త్రుప్పు. ఇనుమునకు గాలిలోని ప్రాణవాయువును, నీరును తగిలినచో త్రుప్పు పుట్టును. ఉప్పు చేరినచో ఆ పని మరింత వేగముగా సాగును. స్వీడనులో చలికాలమున దారులపై మంచు కరుగుటకై ఉప్పు చల్లుదురు. ఆ ఉప్పునీరు చక్రములపై కమానురేకులలోను, తలుపుల యడుగుననున్న మడతలలోను, బ్యాటరీ పీఠము క్రిందను, ముందు ఇరుసులు సాగు గూళ్లలోను చేరును. పైరంగు నిగనిగలాడుచుండగనే లోపలి రేకు మన యింటి దూలమును చెద తినినట్లు తినబడును. కావున ఎరిగిన పనివాడు కన్నును నమ్మక, కొనగల పనిముట్టుతో పొడిచి చూచును. చెడిన రేకును గట్టి ఇనుము కనబడుదాక కోసివేయును. అట్టముక్కపై కొలత తీసి క్రొత్తరేకును కత్తిరించి, బ్యాటరీ తీగలు విప్పి, కాలు వస్తువులను తొలగించి, అప్పుడు వెల్డింగునకు పూనుకొనును. ఒక్కచోటనే కాల్చినచో రేకు వంగును గనుక అక్కడొక చుక్క, ఇక్కడొక చుక్కగా అతుకును. పైని యశదము గలిసిన తొలిపూతయు, రంగును పూసి, బోలుగా నున్న లోపలి గూళ్లలోనికి మైనము చిమ్మును. నీరు కారిపోవు రంధ్రములను మూయడు. త్రుప్పుపై పూత పూసి దాచువాడు ఇల్లు తగులబడుచుండ తలుపులు మూసికొన్నవానితో సమానుడు.

రెండవది ఇంజను వ్యాధి. తిత్తి ఇరుసు నిమిషమునకు లక్షకు మించిన చుట్లు తిరుగును. ఒక ప్రక్క ఎర్రగా కాగు పొగ, మరియొక ప్రక్క బయటి గాలి. నడుమ దానిని కాపాడునది పలుచని నూనెపొర మాత్రమే. ఎడ్లబండి ఇరుసునకు కందెన యెట్టిదో దీనికి నూనె యట్టిది. దూరము వేగముగా నడిపి వెంటనే ఇంజను నాపినచో నూనె ప్రవాహమాగి, వేడికి మాడి బొగ్గగును. ఆ బొగ్గే ఇరుసును గీరి చంపును. కావున ఒకటి రెండు నిమిషములు ఇంజనును మెల్లగా తిరుగనిచ్చి ఆపవలెను. నూనెను గడువు దాటక మార్పవలెను.

మన వైద్యులు నాడి చూచినట్లు ఈ పనివారు పొగను చూతురు. నీలిపొగ నూనె మండుచున్నదని తెలుపును. ఇంజను వేడెక్కినను తెల్లపొగ విడువకున్నచో చల్లబరచు నీరు లోనికి కారుచున్నదని శంకింపవలెను. నల్లపొగ పెట్రోలు మితిమీరినదని చాటును. బలము తగ్గగనే తిత్తినే మార్చుమనువాడు మంచి వైద్యుడు గాడు. ముందు రబ్బరుగొట్టముల పగుళ్లను, నూనె తిరిగి దిగు గొట్టమును చూచి, పిమ్మట తిత్తి ఇరుసు కదలికను పరీక్షింపవలెను. చౌకయైన కారణము నుండి ఖరీదైన కారణమునకు పోవుట బుద్ధిమంతుల క్రమము. సాబ్ 900 లో క్లచ్చి ముందువైపున నున్నందున ఇంజనును పైకి తీయకయే దానిని మార్పవచ్చును. మరమ్మతు చేయువానికి చేయి దూరు చోటు విడిచిన నిర్మాతకు ఆ పనివాడు నేటికిని నమస్కరించుచుండును.

అన్ని కార్లును బ్రతుకవు. అడుగు చట్రము పూర్తిగా తినబడినదానిని నిలుపబూనుట ప్రమాదము. అట్టిదాని తలుపులును, గాజులును, యంత్రాంగమును మరియొక కారునకు ప్రాణముపోయును. ఏది నిలుపదగునో, ఏది విడువదగునో తెలియుటయే ఈ విద్యలో కడపటి మెట్టు.

ఆర్యులారా! మన యిండ్లలోను ట్రాక్టరులును, నీటిపంపులును నున్నవి. కొనునాడు వాని వెల యడుగుదుము, బలము నడుగుదుము. విడిభాగములు ఎన్నాళ్లు దొరకును, బాగుచేయువాడెక్కడ నున్నాడు అని యడుగువారు కొద్దిమంది. కంపెనీలు పుట్టును, గిట్టును. యంత్రపు ఆయుర్దాయము దాని నెరిగి పోషించువాని చేతిలో నున్నది. అట్టి పనివాడు మీ యూర నున్నచో ఆతనికి తగిన కూలి నిచ్చి, ఆతని చెంత ఒక పిల్లవానినైనను పనినేర్వ నుంచుడు. ఆతనితో ఆ విద్య పోయెనేని మన యంత్రములకు జీర్ణోద్ధారణము చేయువారుండరు.