మదనపల్లెలో కుదిరిన బాణీ

యూదుల ప్రార్థనా మందిరమైన సినగాగులో హజ్జాన్, అంటే ఆంగ్లంలో కాంటర్, అనే గాయకుడు ఉంటాడు. కొత్త పాటలు కట్టడం కన్నా, ఉన్న ప్రార్థనను ముందుండి పాడి సభ చేత గొంతు కలిపించడమే అతని అసలు పని. మదనపల్లె సంగీత చరిత్రలో ఆ పనికి చేరువైనది చేసిన వ్యక్తి ఐర్లండు మహిళ మార్గరెట్ కజిన్స్.

1878లో బోయిల్ అనే ఊళ్లో పుట్టి, డబ్లిన్‌లో సంగీతం చదివి 1902లో పట్టా పొందిన ఆమె, స్త్రీల ఓటుహక్కు కోసం చెరసాలకు కూడా వెళ్లి, 1915లో భర్త జేమ్స్‌తో మద్రాసు చేరారు. 1916 నాటి డబ్లిన్ తిరుగుబాటును మెచ్చుకుంటూ రాసిన వ్యాసం కారణంగా ‘న్యూ ఇండియా’ పత్రికలో జేమ్స్ కొలువు పోగా, అన్ని మతాల సారం ఒకటేనని నమ్మే దివ్యజ్ఞాన సమాజం వారు మదనపల్లెలో నడుపుతున్న కళాశాలకు ఆ దంపతులు వచ్చారు.

1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూరు అక్కడ అతిథిగా ఉన్నప్పుడు ‘జనగణమన’ పాడి వినిపించగా విద్యార్థులు పల్లవి అందుకున్నారు. నోటి నుంచి నోటికి సాగే పాటలో సాగదీతలూ, విరుపులూ గొంతు గొంతుకూ మారిపోతాయి కనుక, మార్గరెట్ దానిని పాశ్చాత్య స్వరలిపిలో, అంటే స్వరం ఎత్తునూ నిలిచే కాలాన్నీ ఐదు గీతల మీద గుర్తులతో చూపే పద్ధతిలో, రాసిపెట్టారు, కవి సమ్మతించారు. ఫిబ్రవరి 28న ఆయన స్వదస్తూరితో ఆంగ్లానువాదం కూడా రాసి ఇచ్చారు. పాట కళాశాల ప్రార్థనాగీతమయింది.

ఆ బాణీని ఆమే కట్టారనడం మాత్రం అతిశయోక్తి. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు సభలో వినిపించిన పాటకు ఏడేళ్ల తరువాత స్వరకర్తను వెతకనక్కరలేదు; బాణీ ఠాగూరుదే. ఏటేటా మారిపోయే పిల్లలు సైతం ఒక్క తీరున పాడగలిగేలా దానిని కుదిర్చిన ఘనత మార్గరెట్‌ది. ఊరి అభిమానం ఈ రెండింటినీ తరచు కలిపేస్తుంది.

తరువాతి కాలంలో ఆమె స్త్రీల ఉద్యమంలో మునిగినా సంగీతాన్ని వదలలేదు. ప్రాచ్య, పాశ్చాత్య సంగీతాలపై 1935లో ఒక గ్రంథం వెలువరించారు. 1950 జనవరి 24న రాజ్యాంగ సభ ‘జనగణమన’ను జాతీయగీతంగా అంగీకరించేనాటికి ఆమె పక్షవాతంతో ఉన్నారు, 1954 మార్చి 11న కన్నుమూశారు.